యోనాతానును బట్టి

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: 2 సమూయేలు 9వ అధ్యాయము)

వంటింట్లో పని చేసుకుంటూ వింటున్న తల్లులకు, మంచము మీదనుండి వింటున్న పెద్దలకు, దుకాణములో రేడియో పెట్టుకుని వింటున్న సహోదరులకు ప్రత్యేకముగా శుభములు. బైబిలు దగ్గరున్నవారు రెండవ సమూయేలు గ్రంథము 9వ అధ్యాయము తీసి పెట్టుకోండి. మొత్తము 13 వచనములే. ఈ కార్యక్రమము అయిన తరువాత ఇంటిల్లిపాదీ కూర్చుని ఒకసారి నెమ్మదిగా చదువుకోవచ్చు.

ప్రార్థన చేయండని మమ్మల్ని కోరేవారిలో రోగము గురించి అడిగేవారు ఉన్నారు, ఉద్యోగము గురించి, పిల్లల పరీక్షల గురించి అడిగేవారు ఉన్నారు. అయితే ఎక్కువమంది మనుష్యుల గురించే అడుగుతారు. అయ్యగారూ, పెండ్లయిన తరువాత మా అబ్బాయి మాతో మాట్లాడటము లేదండి. అయ్యగారూ, మా అన్నదమ్ములు పొలము గట్టు దగ్గర తగువు పడి కోర్టుకెక్కారండి. మా అత్తగారి మనసు మారునట్లు ప్రార్థన చేయండి అని ఒకరు, మా కోడలి మనసు మారునట్లు చేయండి అని మరొకరు. ఒక్కొక్కసారి ఆ ఇద్దరూ ఒకే ఇంటివారేమో అనిపిస్తుంది! జ్వరము వస్తే మాత్ర ఉంది. మన మనిషే మనలను చూచి మొహము తిప్పుకుంటే దానికి ఏ మాత్ర వేస్తాము?

మన తెలుగులో వరుసలకు కొదువ లేదు. ఇంగ్లీషువారు అంకుల్ అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట మనకు పెదనాన్న వేరు, బాబాయి వేరు, మేనమామ వేరు. ఆంటీ అనే చోట పెద్దమ్మ, పిన్ని, మేనత్త. బస్సులో పక్కన కూర్చున్న ముసలామెను కూడా పేరు అడగకముందే అవ్వా అని వరుస పెట్టి పిలుస్తాము. సంఘములో అడుగు పెడితే బ్రదర్, సిస్టర్. ఇన్ని వరుసలున్నాయి. కాని ఒక వరుసను నిలబెట్టేది ఏది? కొన్ని బంధములు నలభై యేండ్లు గాలివానలో కూడా నిలుస్తాయి, కొన్ని ఒక పెండ్లి భోజనములో మాంసము ముక్క దగ్గర తెగిపోతాయి. ఎందుకని?

ప్రియులారా, వాక్యము చదువుతుంటే మనుష్యుల మధ్య బంధములు మూడు దారులలో వస్తున్నట్లు కనిపిస్తుంది. రక్తము వలన వచ్చేవి కొన్ని. అక్కర వలన వచ్చేవి కొన్ని. మాట వలన, అనగా ఒకరికొకరు ఇచ్చుకున్న ప్రమాణము వలన వచ్చేవి కొన్ని. 

అక్కర వలన వచ్చే బంధము చెడ్డదని నేను చెప్పను. రైతుకు కూలివాడు కావాలి, కూలివానికి రైతు కావాలి. పాలు పోసే ఆమెకు మన డబ్బు కావాలి, మనకు ఆమె పాలు కావాలి. దేవుడు దీనిని తక్కువగా చూడలేదు. కూలివాని కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19వ అధ్యాయములో ఆజ్ఞ ఇచ్చాడు. ఆ బంధములో నీతి అంటే అదే, లెక్క సరిగా తీర్చడము. లెక్క తీరితే బంధము తీరుతుంది. అది దాని స్వభావము, అందులో తప్పు పట్టవలసినది లేదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, అక్కర బంధమునకు వేరే పేరు పెట్టుకున్నప్పుడు.

మన తెలుగు సంఘ చరిత్రలో దీనికి ఒక మంచి సాక్ష్యమున్నది. 1876 నుండి 1878 వరకు ఈ ప్రాంతములో ఘోరమైన కరవు వచ్చింది. మన పెద్దలు ధాత కరవు అనేవారు. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీగా ఉన్న జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకములో కొన్ని మైళ్ళ పని కాంట్రాక్టుగా తీసుకున్నారు. ఊరికే పంచిపెట్టే కంటె పని ఇచ్చి కూలి ఇస్తే మనిషికి గౌరవముగా ఉంటుందని. వేలాదిమంది తట్టా పారా పట్టుకుని వచ్చారు. పని మధ్య విశ్రాంతి వేళలలో బోధకులు వాక్యము చెప్పేవారు. మాకు బాప్తిస్మము ఇవ్వండి అని అడిగేవారు రోజురోజుకు పెరిగారు. మిషనరీకి ఇంతకంటె ఏమి కావాలి? కాని ఆయన ఇవ్వలేదు. కరవు సహాయము నడుస్తున్నంత కాలము నెలల తరబడి బాప్తిస్మములు ఆపివేశారు. వీరు గింజల కోసము వస్తున్నారా, ప్రభువు కోసము వస్తున్నారా అనేది తేలాలి గదా. సహాయమునకు ఆశ లేని రోజు వచ్చిన తరువాత కూడా వారు తిరిగి వచ్చారు. అప్పుడు 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటి ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. మన సభలలో ఆ అంకెను గొప్పగా చెప్పుకుంటాము. నా మట్టుకు నాకు ఆయన ఆగిన ఆ నెలలే ఎక్కువ గొప్పవిగా కనిపిస్తాయి.

ఇప్పుడు మన పెండ్లిండ్ల సంగతి చూడండి. గుడిలో దేవుని యెదుట నిలువబడి వరుడును వధువును ప్రమాణము చేస్తారు. ఆ ప్రమాణములో ఎక్కడైనా బంగారము కాసులు ఉన్నాయా? ఇంటి స్థలము ఉన్నదా? మోటారు సైకిలు ఉన్నదా? లేదు. మరణము వరకు నేను నీవాడను అనే మాట ఒక్కటే ఉన్నది. కాని ఆ ముందు రాత్రి పెద్దలు కూర్చుని మాట్లాడిన మాటలన్నీ వేరు. 1961లోనే వరకట్న నిషేధ చట్టము వచ్చింది. మన విశ్వాసుల ఇండ్లలోకి ఆ చట్టము ఇంకా దారి వెతుక్కుంటూనే ఉన్నది. మాట బంధము అని పేరు పెట్టి లోపల అక్కర బంధము నడిపిస్తున్నాము. అందుకే కొంతమంది ఆడపిల్లలు మూడు నెలలు తిరగకుండానే, మీ నాన్న ఇంకా బాకీ ఉన్నాడు అనే మాట వింటున్నారు. బాకీ అనే మాట దుకాణములో మాట, కాపురములో మాట కాదు. మలాకీ ప్రవక్త 2వ అధ్యాయములో భార్యను ఏమని పిలిచాడో చదవండి. నిబంధన వలన కలిగిన భార్య అన్నాడు.

సరే, రక్తబంధము మాటేమిటి? అది అన్నిటికంటె గట్టిది కాదా? చాలాసార్లు గట్టిదే. అయితే ఈ రోజు మన వాక్యభాగము వెనుక ఉన్న కథలో రక్తబంధము ఎలా ఉన్నదో చూడండి. సౌలు రాజు. అతని పెద్దకొడుకు యోనాతాను. 1 సమూయేలు 20వ అధ్యాయములో భోజనపు బల్లయొద్ద కూర్చున్న తండ్రి, దావీదు పక్షముగా మాట్లాడాడని సొంత కొడుకు మీదికి ఈటె విసిరాడు. ఆ రోజు ఆ బల్లయొద్ద రక్తము ఉన్నది గాని కనికరము లేదు. మన దేశములో 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కొరకు పార్లమెంటు ప్రత్యేకముగా చట్టము చేయవలసి వచ్చింది. కన్నకొడుకు అన్నము పెట్టడము లేదని తల్లి వెళ్ళి రెవెన్యూ డివిజనల్ అధికారి దగ్గర అర్జీ పెట్టుకోవచ్చును. రక్తము దానంతట అది పని చేసేదైతే ఆ చట్టముతో పనేమున్నది?

ఇక మూడవది, మాట. దీని దగ్గర కొంచెము ఎక్కువసేపు ఆగుదాము.

గొల్యాతును చంపి వచ్చిన దావీదు చేతిలో ఏమీ లేని గొఱ్ఱెల కాపరి. యోనాతాను రాజ్యమునకు వారసుడు. లోక మర్యాద ప్రకారము చిన్నవాడు పెద్దవానికి కానుక ఇవ్వాలి. ఇక్కడ పెద్దవాడే తన దుప్పటి, తన కత్తి, తన విల్లు, తన నడికట్టు తీసి చిన్నవానికి ఇచ్చాడు. మాట బంధము ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది. ఎవరికి ఎక్కువ ఉన్నదో వారు ముందు దిగి వస్తారు. అత్తాకోడళ్ళ మధ్య ముందు ఎవరు తగ్గాలి అని అడిగేవారికి నేను ఈ వచనము చూపిస్తాను. ఇంట్లో తాళపుచెవులు ఎవరి కొంగున ఉన్నవో వారే ముందు.

తరువాత వారిద్దరూ నిబంధన చేసుకున్నారు. యోనాతాను ఏమి అడిగాడు? నేను బ్రదికియుండగా నాకు దయ చూపు, నేను చనిపోయిన తరువాత నా ఇంటివారికి కూడ చూపు అని అడిగాడు. ఇక్కడ హెబ్రీ భాషలో ఉన్న మాట హెసెద్. మన తెలుగు బైబిలులో ఆ మాట ఒకచోట కృప అని, ఒకచోట దయ అని, ఒకచోట ఉపకారము అని వస్తుంది. అది జాలి కాదు. జాలి ఈ పూట వస్తుంది, రేపు పోతుంది. హెసెద్ అంటే మాట ఇచ్చిన వాడు, మాట పుచ్చుకున్న వాడు లేకపోయినా ఆ మాట ప్రకారము నడుచుకోవడము. మోయాబీయురాలైన రూతు తన అత్త నయోమికి చేసినది అదే. భర్త చనిపోయాడు, వరుస అక్కడితో తీరిపోయింది, వెళ్ళిపో అని అత్తే చెప్పింది. అయినా ఆమె వెళ్ళలేదు.

యోనాతాను గిల్బోవ కొండలలో యుద్ధములో చనిపోయాడు. ఆ వార్త వచ్చినప్పుడు అతని కుమారుడు మెఫీబోషెతుకు అయిదేండ్లు. దాది వానిని ఎత్తుకుని పరుగెత్తుతుండగా వాడు పడి రెండు కాళ్ళూ చెడిపోయాయి. సంవత్సరములు గడిచాయి. దావీదు రాజయ్యాడు. ఆ పిల్లవాడు పెద్దవాడై, పెండ్లి అయి, మీకా అనే చిన్న కొడుకుకు తండ్రి కూడ అయ్యాడు. ఎక్కడ ఉన్నాడు? యొర్దానుకు అవతల లోదెబారులో, మాకీరు అనే వాని ఇంట్లో. మేత లేని చోటు అని ఆ ఊరి పేరుకు అర్థము చెబుతారు. పాత రాజు మనుమడు కొత్త రాజుకు కనబడకుండా ఉండటానికి తగిన చోటే.

అప్పుడు దావీదు, యోనాతానును బట్టి నేను దయ చూపడానికి సౌలు ఇంట ఎవరైనా మిగిలి ఉన్నారా అని అడిగాడు. గమనించండి. ఎవరూ అర్జీ పెట్టలేదు. ఎవరూ జ్ఞాపకము చేయలేదు. చనిపోయిన వాడు వచ్చి అడగడు. ఈ మాట నెరవేర్చకపోతే దావీదును నిలదీసేవాడు భూమి మీద ఒక్కడు లేడు. మెఫీబోషెతును తీసుకొని వచ్చినప్పుడు అతడు భయపడి తనను చచ్చిన కుక్కతో పోల్చుకున్నాడు. దావీదు సౌలు పొలములన్నీ అతనికి తిరిగి ఇప్పించి, నీవు ప్రతిరోజు నా బల్లయొద్ద భోజనము చేస్తావు అన్నాడు. ఆ కాలపు రాజులు పాత రాజు వంశమును ఏమి చేసేవారో రాజుల గ్రంథములు చదివినవారికి తెలుసు. ఇతడు వారిని పంక్తిలో కూర్చోబెట్టాడు.

పంక్తి అంటే మన ఊళ్ళలో చిన్న మాట కాదు. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తింటారు అనే దాని మీదనే మన సమాజము వందల యేండ్లు నడిచింది. ఆదివారము ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టె తీసుకుంటాము, బ్రదర్ అని చేయి కలుపుతాము. సోమవారము ఆ బ్రదర్ మన అమ్మాయికి సంబంధము తెస్తే, మీరు ఏ కులమండి, మీది ఏ పేటండి అని అడుగుతాము. సువార్త విని నూటయాభై యేండ్లు దాటిన సంఘములలో కూడా ఈ ప్రశ్న ఇంకా బ్రదికే ఉన్నది. దీనిని గురించి మన బోధకులము బలిపీఠము మీదనుండి మాట్లాడవలసినంత మాట్లాడటము లేదు.

ఇక ఈ కథలో ఒక చేదు భాగమున్నది. స్నేహితుని కొడుకును బల్లయొద్ద కూర్చోబెట్టిన దావీదే, సొంత కొడుకు అబ్షాలోము విషయములో ఏమి చేశాడు? దేశము విడిచి పారిపోయిన కొడుకును యెరూషలేముకు రప్పించాడు గాని, రెండు నిండు సంవత్సరములు వాని ముఖము చూడలేదు. అదే పట్టణము. తండ్రి, కొడుకు. రెండేండ్లు. ఆ రెండేండ్లలో కూడా మెఫీబోషెతు రాజు బల్లయొద్ద భోజనము చేస్తూనే ఉండియుండవచ్చు. అబ్షాలోము చేసిన హత్య చిన్నదని నేను అనను. దావీదు శిక్షించదలిస్తే శిక్షించవలసినది, క్షమించదలిస్తే క్షమించవలసినది. అతడు రెండూ చేయలేదు. ఊరకున్నాడు. ఆ ఊరకుండుట లోపల ఏమి పెరిగిందో 15వ అధ్యాయములో కనబడుతుంది. కొడుకు తండ్రి మీద తిరుగుబాటు చేశాడు.

ఒకే కప్పు క్రింద ఉండి, మీ నాన్నకు చెప్పు అని తల్లి ద్వారా మాట్లాడుకునే తండ్రీకొడుకులు ఎంతమంది ఇప్పుడు వింటున్నారో! బయటివారితో ఎంతో మర్యాదగా ఉంటాము. సంఘములో పెద్దలము, ఊరిలో పంచాయితీ తీర్చేవారము. ఇంట్లో మాత్రము ఒక గది తలుపు మూసి ఉన్నది. రక్తము ఉన్నది గదా, అదే చూసుకుంటుందిలే అనుకుంటాము. రక్తబంధమునకు కూడా మాట కావాలి, ప్రియులారా. స్నేహితునితో చేసినట్లు కొడుకుతో దావీదు ఎన్నడైనా కూర్చుని నిబంధన చేసుకున్నట్లు వాక్యములో మనకు కనబడదు.

మాట బంధమునకు కూడా పరీక్షలు వస్తాయి. అబ్షాలోముకు భయపడి దావీదు పారిపోతున్నప్పుడు మెఫీబోషెతు సేవకుడు సీబా రెండు గాడిదల మీద రెండువందల రొట్టెలు వేసుకుని వచ్చి, నా యజమానుడు రాజ్యము తనకు వస్తుందని యెరూషలేములో కూర్చున్నాడు అని చెప్పాడు. దావీదు ఇంకొకరిని అడగలేదు. ఆస్తి అంతా నీదే అని సీబాకు ఇచ్చేశాడు. పదేండ్లు కట్టిన బంధమును ఒక్క మాటతో, అదీ రొట్టెలు తెచ్చిన వాని మాటతో తెంచవచ్చు. మన ఇండ్లలో కూడా ఎవరు ఏ రొట్టె పట్టుకుని వచ్చి ఎవరి మీద చెబుతున్నారో కాస్త చూచుకోవాలి.

ఇందులో అబద్ధము ఆడినది ఎవరు అని వ్యాఖ్యానకర్తలలో భేదాభిప్రాయములున్నాయి. నాకు మెఫీబోషెతు మాటే నిజమనిపిస్తుంది. రాజు వెళ్ళిన రోజునుండి అతడు గడ్డము కత్తిరించుకోలేదు, బట్టలు ఉదికించుకోలేదు అని 19వ అధ్యాయములో వ్రాయబడినది. మాట అయితే కల్పించవచ్చు. పెరిగిన గడ్డమును ఒక్క రోజులో కల్పించడము ఎవరికీ సాధ్యము కాదు. దావీదు పొలము చెరి సగము పంచుకోండి అంటే అతడు, రాజు క్షేమముగా వచ్చాడు గదా, వాడే అంతా తీసుకోనివ్వండి అన్నాడు. అన్నదమ్ముల పంపకాలలో ఈ మాట చెప్పిన మనిషిని మీరు చూచారా? పొలము పోయినా బల్ల చాలు అనుకున్నాడు.

మరొక మనిషిని మరచిపోకూడదు. కుంటివాడైన పిల్లవానిని ఇన్నేండ్లు ఇంట్లో పెట్టుకున్న లోదెబారువాడు మాకీరు. దావీదు ఆకలితో మహనయీముకు చేరినప్పుడు పరుపులు, గోధుమలు, యవలు, చిక్కుడు కాయలు, తేనె, వెన్న పట్టుకుని వచ్చిన ముగ్గురిలో ఇతడొకడు. సౌలు ఇంటివానికి అన్నము పెట్టిన చేయి, సౌలు తరిమిన దావీదుకు కూడా అన్నము పెట్టింది. అతనికి వీరిద్దరితో రక్తబంధమున్నట్లు వ్రాయబడలేదు.

చివరి పరీక్ష 21వ అధ్యాయములో ఉన్నది. గిబియోనీయులు సౌలు వంశములో ఏడుగురిని అప్పగించమని అడిగిన భయంకరమైన దినము అది. ఆ అధ్యాయము కష్టమైనది, మరొక రోజు దానికే కేటాయించుకుందాము. ఈ రోజు ఒక్క సంగతి చూడండి. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతును దావీదు అప్పగించలేదు. కారణము వ్రాయబడినది. యెహోవా నామమున దావీదును యోనాతానును చేసిన ప్రమాణము. వారిద్దరిలో ఒకడు మట్టిలో కలిసి ఎన్నో యేండ్లయినది. మాట మాత్రము ఇంకా మేలుకొని కాపలా కాస్తున్నది.

విశ్వాసులారా, మనము తండ్రియైన దేవుని యెదుట నిలిచేది కూడా ఇలాగే. మన కాళ్ళు బాగున్నాయని కాదు, మన వంశము మంచిదని కాదు. మరొకనిని బట్టి. క్రీస్తును బట్టి దేవుడు మనలను క్షమించాడు గనుక మీరును ఒకరినొకరు క్షమించండి అని పౌలు ఎఫెసీయులకు వ్రాసినది ఈ అర్థముతోనే. ఎదుటివాడు అర్హుడా కాడా అని చూస్తే ఏ ఇంట్లోనూ పంక్తి సాగదు. నీ భార్యను క్షమించడానికి నీకు కారణము దొరకకపోవచ్చు. నీ తమ్మునిలో ఒక్క మంచి గుణము కూడా ఈ రోజు నీకు కనబడకపోవచ్చు. క్రీస్తును బట్టి నీవు బల్లయొద్ద కూర్చున్నావు. అతనికి కూడా ఆ పక్కన కుర్చీ వేయడానికి అంతకంటె వేరే కారణము అవసరము లేదు. ఈ సాయంకాలము ఫోను చేయవలసిన వారు ఎవరో మీకు ఇప్పటికే తెలుసు. నంబరు కూడ మీ దగ్గర ఉన్నది.

మొదటి దినవృత్తాంతముల గ్రంథము 8వ అధ్యాయము చివరిలో ఒక పేర్ల పట్టిక ఉన్నది. పేర్లే గదా అని మనలో చాలామంది దాటేసి వెళ్ళిపోతాము. అక్కడ మెఫీబోషెతుకు మెరీబ్బయలు అని మరొక పేరు ఉన్నది. అతని కొడుకు మీకా, మీకాకు నలుగురు కుమారులు, అలా తరము వెంట తరము సాగి ఊలాము అనే వానిదాకా వస్తుంది. ఊలాము కుమారులు పరాక్రమవంతులు. వారి కుమారులు, కుమారుల కుమారులు కలిసి నూటయాభైమంది. వారు ఏ పనిలో నేర్పరులో కూడ అక్కడ వ్రాయబడినది. విలుకాండ్రు. యోనాతాను తన విల్లు తీసి ఆనాడు దావీదు చేతిలో పెట్టాడు.

ప్రార్థించుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, నీ కుమారుని బట్టి మమ్మును నీ బల్లయొద్ద చేర్చుకున్నందుకు వందనములు. కొడుకు ఫోను కోసము ఎదురుచూస్తున్న తల్లిని, పుట్టింటిలో బట్టల పెట్టెతో కూర్చున్న ఆ బిడ్డను, ఒకే గోడకు అటూ ఇటూ ఉండి మాట్లాడుకోని అన్నదమ్ములను నీ చేతికి అప్పగిస్తున్నాము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.